గీజర్ వేడిగానే ఉంది, షవర్‌లో నీళ్లే రావడం లేదు: పైపులో గాలి పట్టేస్తే ఏం చేయాలి?

మా ఆపా వాళ్లు మదీనాగూడలో ఒక అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో ఉంటారు. పైన ఇంకో ఫ్లోర్ లేదు, టెర్రస్సే. మొన్న జనవరిలో ఒకరోజు ఫజ్ర్‌కు ముందే ఫోన్ చేసింది. గీజర్ లైటు వెలిగి ఆరింది, అంటే నీళ్లు కాగినట్టే. చల్లనీళ్ల నల్లా తిప్పితే ధారగా వస్తోంది. వేడినీళ్లది తిప్పితే రెండుసార్లు దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిపోతోంది. షవర్‌లో అయితే చుక్క కూడా లేదు. ఇంట్లో డెబ్బై దాటిన అత్తగారు ఉన్నారు. ఆమె వుజూ కోసం మూడు రోజులుగా స్టవ్ మీద గిన్నెలో నీళ్లు కాచి బాత్రూమ్ దాకా మోసుకెళ్తున్నారట. సలసల కాగే గిన్నె, తడి టైల్స్, తెల్లవారుజాము చీకటి. ఆ మాట వినగానే నాకు అన్నిటికన్నా ముందు అదే భయమేసింది.

అప్పటికే ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. ఒకాయన గీజర్ పోయింది, కొత్తది తీసుకోండి అన్నాడు. రెండో ఆయన గోడలో పైపు జామ్ అయింది, టైల్స్ పగలగొట్టాలి అన్నాడు. మూడోసారి వచ్చింది ఒడిశా కుర్రాడు. (అక్కడి కేంద్రాపడా జిల్లా పట్టాముండై నుంచి వచ్చిన ప్లంబర్లు దేశమంతా కనిపిస్తారు, మన హైదరాబాద్‌లోనూ.) అతను గీజర్ వైపు చూడనే లేదు. "భాభీ, ఈ మధ్య పైన ట్యాంకు ఖాళీ అయిందా?" అని అడిగాడు. అయింది. నాలుగు రోజుల కింద ట్యాంకు కడిగారు. "అయితే హవా పట్టేసింది" అని పది నిమిషాల్లో నీళ్లు రప్పించాడు. గీజర్ మార్చలేదు, టైల్ పగలలేదు.

ఈ "హవా పట్టడం" అంటే ఏంటి, అది పై అంతస్తులనే ఎందుకు పీడిస్తుంది, మన చేతుల్లో ఏముంది అన్నది తెలిసి ఉంటే చాలా ఇళ్లలో అనవసరపు ఖర్చు తప్పుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

నీళ్లను తోసేది మోటార్ కాదు, ఎత్తు

మదీనాగూడ పేరులోనే సగం ఉర్దూ, సగం తెలుగు ఉన్నట్టు, ఇక్కడి అపార్ట్‌మెంట్ల సంప్‌లోనూ నీళ్లు కలగలుపే. కొంత జలమండలి నల్లా నీళ్లు, కొంత బోరు, ఎండాకాలంలో ట్యాంకర్. ఎక్కడి నుంచి వచ్చినా ముందు సంప్‌లో పడతాయి. మోటార్ వాటిని టెర్రస్ మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. మోటార్ పని అంతటితో అయిపోతుంది. ట్యాంకు నుంచి మన బాత్రూమ్‌కు నీళ్లు దిగేది సొంత బరువుతోనే.

లెక్క తేలికే. దాదాపు 33 అడుగుల ఎత్తు నీళ్లకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఐదు అంతస్తుల బిల్డింగ్‌లో ట్యాంకు అడుగుభాగం టెర్రస్ మీద మూడడుగుల దిమ్మె మీద ఉందనుకుందాం. పై ఫ్లోర్ బాత్రూమ్‌లో షవర్ నేల నుంచి ఏడడుగుల ఎత్తులో ఉంటుంది. స్లాబు కూడా కలుపుకుంటే షవర్‌కు, ట్యాంకు అడుగుకు మధ్య తేడా ఆరున్నర అడుగులే. అంటే 0.2 బార్. అదే ట్యాంకు నుంచి నీళ్లు తీసుకునే మొదటి అంతస్తు వాళ్లకు ఇంకో నలభై అడుగులు కలుస్తాయి. వాళ్లకు 1.4 బార్ వస్తుంది, మనకన్నా ఏడు రెట్లు. కింది ఫ్లోర్ ఖాలా "మా ఇంట్లో ఏ ప్రాబ్లమ్ లేదే" అంటే అబద్ధం కాదు. ఆమె పైపులోనూ గాలి చేరుతుంది, కానీ అంత బలంగా తోసే నీళ్ల ముందు అది నిలవలేదు.

ఇప్పుడు గాలి సంగతి. నీళ్లకన్నా గాలి తేలిక, కాబట్టి పైపులో ఎక్కడ ఎత్తు ఎక్కువుంటే అక్కడికి పోయి కూర్చుంటుంది. వేడినీళ్ల పైపు దారి ఒకసారి గుర్తు చేసుకోండి. గీజర్ పైన లాఫ్ట్ దగ్గరో, తలకన్నా ఎత్తులోనో ఉంటుంది. అక్కడి నుంచి పైపు గోడలో కిందికి దిగి మిక్సర్‌కు వస్తుంది, మిక్సర్ నుంచి మళ్లీ పైకెక్కి షవర్‌కు వెళ్తుంది. దిగే పైపు మూడున్నర అడుగులు, ఎక్కే పైపు మూడున్నర అడుగులు అనుకోండి. రెండింటిలోనూ నీళ్లుంటే త్రాసులో రెండు పళ్లేల్లా సరిపోతాయి. దిగే పైపులో నీళ్లకు బదులు గాలి నిండిందనుకోండి, గాలికి బరువు లేనట్టే కదా. అప్పుడు ఎక్కే వైపున్న మూడున్నర అడుగుల నీళ్లను ట్యాంకు బలమే మొత్తం మోయాలి.

మన దగ్గర ఉన్నదే ఆరున్నర అడుగులు. అందులో మూడున్నర పోతే మూడు మిగిలింది. గీజర్ ఒక బాత్రూమ్‌లో ఉండి, రెండో బాత్రూమ్‌కు పైపు తలుపు చట్రం పైనుంచి ఎక్కి దిగిందనుకోండి. ఆ దిగుడులోనూ మూడడుగుల గాలి చేరితే మిగిలేది సున్నా. పైపు పగల్లేదు, జామ్ కాలేదు, గీజర్ చెడిపోలేదు. నీళ్లకు దాటే బలం లేదు, అంతే.

మరి చల్లనీళ్లు ఎలా వస్తున్నాయి? ఆ పైపు టెర్రస్ నుంచి దాదాపు నేరుగా దిగుతుంది. వంకర్లు తక్కువ, వాడకం ఎక్కువ, ధార జోరుగా ఉంటుంది కాబట్టి బుడగలను ఈడ్చుకుపోతుంది. వేడినీళ్ల లైన్‌లో ధార సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. కిందికి దిగే నీళ్లకు ఎదురుగా బుడగ పైకి ఈదుకుంటూ మళ్లీ తన చోటికే చేరుతుంది. పైగా గీజర్ తానే కొంత గాలి పుట్టిస్తుంది. చల్లనీళ్లలో కరిగి ఉన్న గాలి నీళ్లు వేడెక్కితే బయటికి వస్తుంది. టీ గిన్నె మరగక ముందే అంచుల్లో చిన్న చిన్న బుడగలు అతుక్కుంటాయి చూడండి, అదే. చలికాలంలో నీళ్లు ఎక్కువ చల్లగా ఉంటాయి, వాటిలో గాలి ఇంకా ఎక్కువ ఉంటుంది, గీజర్ కూడా ఎక్కువసేపు నడుస్తుంది. పటాన్‌చెరు, లింగంపల్లి వైపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోయే రోజుల్లోనే ఈ ఫిర్యాదు ఎక్కువగా వినపడటానికి ఇదొక కారణం.

ఇది ఇళ్లకే పరిమితమైన సమస్య కాదు. మంజీరా, సింగూరు నీళ్లు సంగారెడ్డి వైపు నుంచి నగరానికి పెద్ద పెద్ద పైపుల్లో వస్తాయి. అలాంటి లైన్లలో పైపు మిట్ట ఎక్కిన ప్రతిచోటా ఒక ఎయిర్ వాల్వ్ పెడతారు. రోడ్డు పక్కన అలాంటి వాల్వ్ లీకై ఫౌంటెన్‌లా చిమ్ముతుంటే జనం బిందెలు పట్టుకోవడం మనం చూసిందే. కిలోమీటర్ల పైపు వేసే ఇంజినీర్లు గాలికి దారి వదులుతారు. మన బిల్డర్లు ఆ చిన్న ముక్కను మిగుల్చుకుంటారు.

గాలేనా, ఇంకేదైనానా?

నల్లా రాని ప్రతిసారీ గాలే కారణం అనుకోవద్దు. నేను వాడే గుర్తు ఒకటుంది. సమస్య హఠాత్తుగా వస్తే గాలి, నెలల తరబడి మెల్లగా పెరిగితే సున్నం. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. షవర్ రంధ్రాల్లో తెల్లటి పొర కట్టి ధార తగ్గుతూ వస్తుంది. అప్పుడు షవర్ తల విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. విప్పినప్పుడే ఇంకో సంగతి కూడా తేలిపోతుంది. తల తీసేశాక ఒట్టి పైపులోంచి వేడినీళ్లు బాగా వస్తుంటే తప్పు షవర్‌దే.

గాలి పట్టినప్పుడు చప్పుడే వేరు. గుళగుళ, దగ్గు, చిమ్మడం, ఆగడం. ముందురోజు వరకు బాగానే ఉంటుంది. వెనక్కి వెళ్లి అడిగితే ట్యాంకు ఖాళీ అయిందనో, కడిగారనో, మోటార్ కాలిపోయి ఒక పూట నీళ్లు లేవనో, గీజర్ సర్వీసింగ్ చేయించామనో తప్పకుండా తేలుతుంది. మిక్సర్ కింది నల్లాలో వేడినీళ్లు వచ్చి షవర్‌లో మాత్రం రాకపోవడం కూడా ఒక గుర్తే. ఎక్కాల్సిన ఎత్తు లేకపోతే ఆ కాస్త బలం సరిపోతుంది మరి.

వేడివీ చల్లవీ రెండూ సన్నగా వస్తుంటే గీజర్‌ను, గాలిని వదిలేసి టెర్రస్ మీద మన ఫ్లాట్ లైన్ వాల్వ్ సగమే తెరిచి ఉందేమో చూడండి. వేడి ఒక్కటే రాకుంటే గీజర్ కింది యాంగిల్ కాక్ ఎవరైనా మూశారా చూడండి. పనిమనిషి తుడుస్తూ తిప్పేసి ఉండొచ్చు, పిల్లలు ఆడి ఉండొచ్చు. ఇది చూసుకోకుండా ప్లంబర్‌ను పిలిచి విజిటింగ్ చార్జి ఇచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు స్విచ్ ఆపండి

గాలి తీసే పని ఏదైనా సరే, గీజర్ స్విచ్ ఆపడంతోనే మొదలుపెట్టాలి. బాత్రూమ్ స్విచ్ ఆపితే చాలదు, డిస్ట్రిబ్యూషన్ బాక్సులో గీజర్ ఎంసీబీ కూడా దించేయండి. 2022 అక్టోబర్‌లో లంగర్‌హౌజ్ వైపు ఒక యువ జంట బాత్రూమ్‌లో గీజర్ షాక్‌కు ప్రాణాలు పోగొట్టుకున్న వార్త మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తడి చేతులు, తడి నేల, రెండు వేల వాట్ల యంత్రం ఉన్నచోట "ఒక్క నిమిషమే కదా" అనే మాట పనికిరాదు. ఇంట్లో ఎర్తింగ్, ఆర్‌సీసీబీ ఉన్నాయా లేవా ఎలక్ట్రీషియన్‌ను అడిగి తెలుసుకోండి. గాలి సమస్య లేకపోయినా తెలుసుకోండి.

స్విచ్ ఆపడానికి ఇంకో కారణమూ ఉంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడు కొన్ని ఇళ్లలో గీజర్‌లోని నీళ్లు కూడా వచ్చిన దారినే వెనక్కి జారిపోతాయి. లోపలికి వెళ్లే పైపు మీద నాన్ రిటర్న్ వాల్వ్ లేకపోయినా, పాడైపోయినా ఇలా అవుతుంది. అప్పుడు ఎలిమెంట్ గాలిలో నిలబడి ఉంటుంది. ఆ సమయంలో స్విచ్ వేస్తే ఎలిమెంట్ మాడిపోతుంది. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ అయితే క్షణాల్లో పోతుంది. కాబట్టి ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండిన ప్రతిసారీ ముందు వేడి నల్లా తిప్పి, దగ్గు ఆగి ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయాలి. ఇంట్లో ఎవరికీ ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్క అలవాటు ఉంటే చాలు.

లోపల ఉన్న వేడినీళ్లను కూడా మరవొద్దు. గాలి ఒక్కసారిగా వదిలినప్పుడు, అప్పటిదాకా చల్లవే పడుతున్న చోట బుస్సుమని మరిగిన నీళ్లు రావొచ్చు. 60 డిగ్రీల నీళ్లు పడితే కొన్ని సెకన్లలోనే చర్మం కాలుతుంది. పెద్దవాళ్లనూ పిల్లలనూ బయటే ఉంచండి, షవర్ కింద నిలబడి మాత్రం ప్రయత్నించకండి. వీలైతే స్విచ్ ఆపాక నాలుగైదు గంటలు ఆగండి.

ఇంట్లో చేసుకోగలిగింది

మొదటిది పైసా ఖర్చు లేనిది. వాచ్‌మన్‌కు చెప్పి ట్యాంకు పూర్తిగా నింపించండి. మామూలు వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు నిండితే మూడు, మూడున్నర అడుగుల ఎత్తు కలుస్తుంది. కింది ఫ్లోర్ వాళ్లకు ఇది లెక్కే కాదు. మొత్తం బలమే ఆరున్నర అడుగులున్న మనకు మాత్రం సగానికి సగం పెరిగినట్టు. ఆగిపోయిన నీళ్లు ఒక్కోసారి ఇంతమాత్రానికే కదులుతాయి.

ట్యాంకు నిండాక షవర్ జోలికి వెళ్లకండి. ఇంట్లో అన్నిటికన్నా కిందున్న వేడినీళ్ల నల్లా, అంటే బకెట్ నింపుకునేది, పూర్తిగా తిప్పి రెండు నిమిషాలు వదిలేయండి. అది దగ్గుతూ చిమ్ముతూ ఉంటే సంతోషించండి, గాలి బయటికి వస్తోందన్నమాట. ధార కుదురుకున్నాక వాష్‌బేసిన్ వేడి నల్లా, ఆ తర్వాత రెండో బాత్రూమ్, చివర్లో షవర్. కింది నుంచి పైకి అన్న వరుస ముఖ్యం. చాలామంది షవర్‌తోనే మొదలుపెట్టి, రావట్లేదని విసిగి ఆపేస్తారు.

దానికీ లొంగకపోతే ఒడిశా కుర్రాడు చేసిన పని చేయొచ్చు. వేడివీ చల్లవీ రెండు పిడులున్న గోడ మిక్సర్ అయితేనే ఇది కుదురుతుంది. షవర్ వైపు మూసి, మిక్సర్ కింది మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కిపట్టాలి. ముందు వేడి పిడి పూర్తిగా తిప్పాలి, తర్వాత చల్లది మెల్లగా తిప్పాలి. చల్లనీళ్లకు బయటికి దారి లేదు కాబట్టి అవి మిక్సర్ లోపల దాటుకుని వేడినీళ్ల పైపులోకి ఎదురు ఎక్కుతాయి. గాలిని వెనక్కి, గీజర్ వైపు, అక్కడి నుంచి పైకి తోస్తాయి. ఇరవై సెకన్లు పట్టి ఉంచి, చల్ల పిడి మూసి, చెయ్యి తీయండి. గుళగుళ మని నీళ్లు వస్తాయి. రాకపోతే ఇంకో రెండుసార్లు చేయండి. గీజర్ చల్లారి ఉండాలని మళ్లీ చెబుతున్నా, ఎందుకంటే తిరిగొచ్చే నీళ్లు మీ అరచేతిలోకే వస్తాయి.

గీజర్ ముందు నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే నీళ్లు వెనక్కి పోలేవు, గాలి నొక్కుకుపోతుందే తప్ప పూర్తిగా పోదు. అయినా నొక్కి వదలడంలో కొంత కదిలి పని జరిగిన సందర్భాలున్నాయి. గోడలో దాచి పెట్టే సింగిల్ లివర్ డైవర్టర్లలో చాలావాటికి లోపలే చిన్న వాల్వులుంటాయి కాబట్టి వాటిలో ఈ ఉపాయం సాధారణంగా నడవదు. అప్పుడు ప్లంబర్ గీజర్ నుంచి బయటికి వచ్చే పైపు నట్టు వదులు చేసి, గాలి వదిలి, నీళ్లు కారడం మొదలవగానే బిగిస్తాడు. ఆ పని అతనికే వదిలేయండి. గీజర్ పక్కనే ఉండే సేఫ్టీ వాల్వ్‌ను మాత్రం ఎవరూ బిగించకుండా, బిరడా పెట్టకుండా చూసుకోండి. అప్పుడప్పుడూ చుక్కలు కారుస్తుందని దాన్ని మూసేయించేవాళ్లున్నారు. వేడెక్కి వ్యాకోచించిన నీళ్ల ఒత్తిడికి దారి అదే.

కొందరు చల్ల నల్లాకు, వేడి నల్లాకు రబ్బరు పైపు కలిపి అదే పని చేస్తారు. పద్ధతి సరైనదే, కానీ ఫ్లోర్ కడిగే పైపు తెచ్చి పెట్టకండి. ఆ పైపులో ఉన్న మురికి మీ వుజూ నీళ్లలోకి వెళ్తుంది.

అసలు జబ్బు టెర్రస్ మీద

ఇలా తీసిన గాలి మళ్లీ రాదన్న గ్యారంటీ లేదు. ఆపా వాళ్లింట్లో పన్నెండు రోజుల్లో మళ్లీ వచ్చింది. ఈసారి ట్యాంకు కడగలేదు, ఖాళీ కూడా కాలేదు. అప్పుడు టెర్రస్ ఎక్కి చూస్తే అసలు కథ తెలిసింది.

నీళ్లు ఆదా చేయాలని అసోసియేషన్ వాళ్లు రాత్రి పదకొండుకు ట్యాంకు కింది గేట్ వాల్వ్ మూయిస్తున్నారు, తెల్లవారి నాలుగున్నరకు తెరిపిస్తున్నారు. ఎండాకాలంలో ఇది చాలా చోట్ల ఉన్నదే, ఇక్కడ చలికాలంలోనూ కొనసాగించారు. వాల్వ్ మూసినా పైపులో నీళ్లున్నాయి కదా. రాత్రి కింది ఫ్లోర్‌లో ఎవరో నల్లా తిప్పుతారు. పైపులోని నీళ్లు దిగిపోతాయి. పైనుంచి నీళ్లు రావు కాబట్టి పైపు గాలి కోసం పీల్చుకుంటుంది. ఎక్కడి నుంచి? పై ఫ్లోర్‌లో తెరిచి ఉన్న నల్లా నుంచి, షవర్ నుంచి. ఏదీ రాక, నల్లా మూయడం మర్చిపోయి పడుకున్న ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు. తెల్లవారి వాల్వ్ తెరిచేసరికి ఆ గాలంతా గీజర్ లైన్ వంపుల్లో ఇరుక్కుంటుంది.

గాలి ఒక్కటే అయితే ఇంత గట్టిగా రాసేవాడిని కాదు. అదే పీల్పుకు ఇంకేమైనా లోపలికి పోవచ్చు. టాయిలెట్‌లోని హ్యాండ్ జెట్ పిడి సగం తెరిచి బకెట్‌లో పడి ఉందనుకోండి. బకెట్‌లో ఉన్నవి, అవి ఎలాంటి నీళ్లయినా సరే, ఆ పైపులోకి ఎక్కుతాయి. అదే పైపు వంటింటికీ, వుజూ చేసుకునే వాష్‌బేసిన్‌కూ వెళ్తుంది. పాకీ నాపాకీ గురించి అంత జాగ్రత్త పడే మన ఇళ్లలో ఈ దారి ఒకటుందని చాలామందికి తెలియదు. జెట్‌ను ఎప్పుడూ గోడ హుక్కుకే తగిలించండి, దాని యాంగిల్ కాక్ వాడనప్పుడు మూసి ఉంచండి.

ఈ రెండింటికీ ఒకే మందు, ఎయిర్ వెంట్ పైపు. ట్యాంకు నుంచి దిగే ప్రతి లైన్‌కు, గేట్ వాల్వ్ దాటిన వెంటనే ఒక టీ వేసి, అక్కడి నుంచి ఒక పైపును నిటారుగా ట్యాంకు పైఅంచుకన్నా ఒక అడుగు ఎత్తుకు లేపుతారు. చివర గొడుగు కర్రలా కిందికి వంచి, దోమలు దూరకుండా జాలీ కడతారు. వాల్వ్ మూసినప్పుడు లైన్ ఆ పైపులోంచి గాలి పీల్చుకుంటుంది, మీ షవర్ జోలికి, బకెట్ జోలికి రాదు. వాల్వ్ తెరిచినప్పుడు ఆ గాలిలో చాలాభాగం అదే పైపులోంచి బయటికి పోతుంది. ఎత్తు మాత్రం తప్పొద్దు. నీటిమట్టం కన్నా కిందుంటే ట్యాంకు నిండిన ప్రతిసారీ అందులోంచే నీళ్లు పొర్లుతాయి. ఆపా వాళ్ల బిల్డింగ్‌లో నాలుగు లైన్లున్నాయి. ఒక్కదానికే వెంట్ ఉంది, దాన్ని కూడా "నీళ్లు కారుతున్నాయి" అని ఎవరో బిరడా కొట్టి మూసేశారు!

ఇంకో చిన్న విషయం. ట్యాంకు పూర్తిగా ఖాళీ కానవసరం లేదు. నీళ్లు అడుక్కు చేరినప్పుడు, పైపు మూతి దగ్గర సుడి తిరుగుతూ గాలిని లోపలికి లాగుతుంది. సింకులో నీళ్లు పోయేటప్పుడు చూస్తుంటాం కదా. అందుకే ట్యాంకు పావుకు తగ్గకముందే మోటార్ ఆన్ అయ్యేలా లెవెల్ కంట్రోలర్ పెట్టుకుంటే మంచిది. వాచ్‌మన్ నిద్ర మీద ఆధారపడటం కన్నా నయం.

పై ఫ్లోర్ వాళ్లకు అందరూ ఇచ్చే సలహా ప్రెషర్ పంపు. అది పనిచేస్తుంది, గాలిని కొట్టుకుపోతుంది, తలంత వెడల్పు రెయిన్ షవర్ కూడా నడుస్తుంది. కానీ వెంట్ పెట్టకుండా పంపు పెడితే రోగం వదిలేసి జ్వరం మాత్ర వేసుకున్నట్టే. పైగా షేర్డ్ లైన్‌కు పంపు బిగిస్తే పక్క ఫ్లాట్ నీళ్లు లాగేసుకుంటారు, గొడవ ఖాయం. పెట్టేటట్టయితే మీ ఫ్లాట్‌కు విడిగా దిగే లైన్ మీద, ట్యాంకు తర్వాతే పెట్టాలి. వేడి, చల్ల రెండు వైపులకూ ఒకే ఒత్తిడి వెళ్లేలా చూడాలి. లేకపోతే చల్లవి వేడివాటిని వెనక్కి నెట్టేస్తాయి. గీజర్ రేటింగ్ ప్లేట్ మీద ఎన్ని బార్లు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, అది కూడా చూసుకోవాలి. ఇక ఇండిపెండెంట్ ఇళ్లవాళ్లు జలమండలి నల్లా కనెక్షన్‌కే నేరుగా మోటార్ బిగిస్తుంటారు. అది నిషేధం, దొరికితే మోటార్ పట్టుకుపోయి జరిమానా వేస్తారు.

సోలార్ హీటర్ ఉన్న ఇళ్లకు ఒక మాట. ఆ ట్యాంకు మీద నిలబడి ఉండే సన్నటి పైపు గాలి పైపే, డెకరేషన్ కాదు. దాన్ని మూయొద్దు. చల్లనీళ్ల ట్యాంకు పూర్తి మట్టం కన్నా అది ఎత్తులో ఉండాలి. సోలార్ ట్యాంకు కన్నా చల్లనీళ్ల ట్యాంకు ఎత్తులో ఉండాలి. ఈ రెండూ తప్పితే ప్రతి చలికాలం ఇదే పాట.

బాత్రూమ్ రిపేరు పెట్టుకున్నవాళ్లు టైల్స్ మూసేలోపే ప్లంబర్ పక్కన నిలబడండి. గీజర్ నుంచి పైపు ఒకసారి దిగితే మళ్లీ ఎక్కకుండా వెళ్లేలా చూడమనండి. తలుపు పైనుంచి తిప్పడం తప్పదంటే ఆ వంపు పైభాగంలో ఆటోమేటిక్ ఎయిర్ వాల్వ్ ఒకటి, దాన్ని విప్పి చూసుకునేందుకు చిన్న తలుపు ఒకటి పెట్టించండి. పై ఫ్లోర్‌లో గీజర్ లైన్‌కు అరంగుళం కాకుండా ముప్పావు అంగుళం సీపీవీసీ వేయించండి. మామూలు పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుంది, అది వద్దు.

ఆపా వాళ్ల అసోసియేషన్‌లో రెండు ఆదివారాలు వాదన నడిచింది. పై ఫ్లోర్ సమస్యకు మేమెందుకు ఇవ్వాలి అన్నారు కింది వాళ్లు. బకెట్ నీళ్లు పైపులోకి ఎక్కే సంగతి చెప్పాక ఆ మాట ఆగింది, ఎందుకంటే ఆ నీళ్లు దిగేది వాళ్ల వంటింట్లోకే. ఫిబ్రవరి మొదట్లో నాలుగు లైన్లకూ వెంట్ పైపులు వేశారు. ఒక టీ, రెండు ఎల్బోలు, ఒక పైపు ముక్క చొప్పున, ఒక్క మధ్యాహ్నం పని. పెద్ద బాత్రూమ్‌లో అప్పటి నుంచి వేడినీళ్లు ఆగలేదు. తలుపు మీదుగా పైపు తిరిగిన రెండో బాత్రూమ్ మాత్రం ఇప్పటికీ తెల్లవారగానే ఒకసారి దగ్గుతుంది. అక్కడ టైల్స్ మార్చేదాకా ముందు బకెట్ నల్లా తిప్పి, తర్వాతే షవర్ తిప్పుతున్నారు.